గోడతో కాపురం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ పుస్తకం మా ఆవిడది. ముందు వైపు నుంచి ఆవిడ రాసుకుంది, అన్నీ చెట్ల సంగతులు. నేను వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు వైపు చదవను. చీమల బారులాంటి రాత. నాది ఇటుకల మీద అచ్చులూ సిమెంటు బస్తాల మీద పేర్లూ చూసి వచ్చిన చదువు. అంతంత అక్షరాలైతే చదువుతాను.

నన్ను రాయమన్నది నర్సరీ అతను. నీళ్ళు ఏ రోజు పోశారో ఎరువు ఏ రోజు వేశారో రాసుకోండి, లేకపోతే మర్చిపోయి రెండుసార్లు పోస్తారు అన్నాడు. నలభై ఏళ్ళు తాపీ మేస్త్రిగా చేశాను. మాలుకి ఇసకా సిమెంటూ ఏ పాళ్ళలో కలపాలో నాకు ఎవడూ కాగితం మీద రాసివ్వలేదు. సరేలే, రాస్తే చెయ్యి అరిగిపోదు.

ఆవిడ నిన్న తమ్ముడింటికి వెళ్ళింది. గాలి మార్పుకి.

గొడవేం లేదు. గేటు పక్కన గంధరాజం పొద ఉంది, ఆవిడ నాటుకున్నది. పదకొండేళ్ళయింది. మొదటి అయిదేళ్ళు పూసింది, తర్వాత మానేసింది. నేను పరంజా మీంచి పడి మోకాలు పోగొట్టుకుని పని మానేసింది కూడా అప్పుడే. దానికీ దీనికీ సంబంధం లేదు. రెండు వారాలకోసారి ఆదివారం దాన్ని మట్టం చేస్తాను. ఈ కొసకో మేకు ఆ కొసకో మేకు, మధ్య దారం, దారం పైకి లేచినదల్లా కత్తెరకి. పైన రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలబడాలి. నిలబడుతుంది. వీధిలో పోయేవాళ్ళు చెట్టా గోడా అని ఆగి చూస్తారు.

నిన్న చేసినప్పుడు కొసల్లో ఏడు మొగ్గలున్నాయట. ఈ ఒక్క ఆదివారం దాన్ని వదిలెయ్యండి అని ముందు రోజు చెప్పిందట. నాకు వినపడలేదు. కింద పడ్డవన్నీ ఏరి గిన్నెలో నీళ్ళు పోసి వేసింది. సాయంత్రం సంచి సర్దింది. గేటు దగ్గర ఆగి అన్నది ఇది:

"ఈ చెట్టుకి ఒక్క పువ్వు పూసిన రోజు కబురు పెట్టండి, వస్తాను. అందాకా మీ గోడతో మీరే కాపురం చేసుకోండి."

ఒక్క పువ్వు. మూడంతస్తుల మేడలు లేపినవాణ్ణి. నెల చాలు.

ఫిబ్రవరి 4

నీళ్ళు పోశాను. పువ్వు లేదు.

ఫిబ్రవరి 5

పొద్దున పోశాను. సాయంత్రం పోశాను. పువ్వు లేదు. అన్నం అడుగంటింది. అది చెట్టు సంగతి కాదు. కాగితంలో చోటుంది కాబట్టి రాశాను.

ఫిబ్రవరి 8, శనివారం

నీళ్ళు పోస్తుంటే పక్కకి జారి వీధిలోకి పోతున్నాయి. నీళ్ళకి దారి చూపించని ఇంట్లో ఏ చెట్టు పూస్తుంది? మొదలు చుట్టూ ఒక వరస ఇటుక పెట్టి గుండ్రంగా గట్టు కట్టాను. సిమెంటు చాలకపోతే కొట్టులో ఉన్న సున్నం కలిపాను. ఇంకా మిగిలితే మొదట్లో చల్లాను. పురుగు చేరదు. గోడని వందేళ్ళు నిలబెట్టేది చెట్టుని నిలబెట్టదా?

ఆరేళ్ళ తర్వాత తాపీ పట్టాను. చెయ్యి మర్చిపోలేదు. గట్టు చూస్తే పళ్ళెం అంచులా ఉంది. ఎవరికైనా చూపిద్దామని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మట్టం చేశాను. ఆదివారం కదా.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ పని మానేసి పదేళ్ళయినా ప్రపంచమంతా తన తరగతే అనుకుంటుంది. ఆవిడ కాగితంపూల చెట్టు అదుపాజ్ఞ లేకుండా మా గోడ మీదికి పడి దొర్లుతూ ఉంటుంది. ఏడాది పొడుగునా పూస్తుంది, సిగ్గు లేకుండా.

"మేస్త్రిగారూ, ఆ కొసలు..." అని మొదలుపెట్టింది.

కొసల సంగతి నేను చూసుకుంటాను, ముందు మీ చెట్టుకి జడ వెయ్యండి అన్నాను. లోపలికి పోయింది. చెప్పడం అలవాటైన నోరు, ఊరుకోదు.

ఫిబ్రవరి 27

ఆకులు రంగు మారాయి. నరాలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి, మధ్యంతా కామెర్లవాడి కళ్ళలా ఉంది. ఎండ ఎక్కువైంది.

ఫిబ్రవరి 28

ఎండే.

మార్చి 2, ఆదివారం

మట్టం చేశాను. దారం తగిలినంత మాత్రానికే ఆకులు రాలాయి. ఎండ.

మార్చి 4, మంగళవారం

నర్సరీ అతన్ని పిలిపించాను. నేను పిలవలేదు, అతనే ఇటు పోతుంటే రమ్మన్నాను. అతని కొట్టు మూడు వీధుల అవతల ఉంది, ఇటు పోయే పని లేదు, కానీ వచ్చాడు.

గట్టు చూశాడు. బాగా కట్టారండీ అంటాడనుకున్నాను. వంగి మట్టి వేళ్ళతో నలిపి, తెల్లగా అంటుకుంటే నా వైపు చూశాడు.

"సున్నం ఎవరు వేశారండీ?"

నేను ఆకాశం వైపు చూశాను.

"దీనికి పులుపు మట్టి కావాలండీ, వేవిళ్ళ మనిషికి పులుపు కావలసినట్టు. మీరు సున్నం తినిపించారు."

కత్తెర ఏమన్నా పెట్టారా అని కూడా అడిగాడు. లేదన్నాను. అబద్ధం కాదు. కత్తిరించడం వేరు, మట్టం చెయ్యడం వేరు.

గట్టు పగలగొట్టమన్నాడు. పాత మట్టి జానెడు లోతు తీసేసి, కుళ్ళిన ఆకుల ఎరువు పొయ్యమన్నాడు. నేను కట్టింది నేనే పగలగొట్టడం ఈ జన్మలో ఇది మొదటిసారి. ఇతరులు కట్టినవి చాలా పగలగొట్టాను, అది వేరే సంతోషం. రెండు గంటలు పట్టింది. అంత గట్టిగా ఎందుకు కట్టానో.

మార్చి 9, ఆదివారం

బావమరిది ఫోన్‌కి చేశాను. వాడు ఆవిడకిచ్చాడు. మోకాలెలా ఉందని అడుగుతుందేమో, గట్టిగా చెప్దామని గొంతు సవరించుకుని ఉన్నాను. ఆకులు ఎలా ఉన్నాయి అని అడిగింది. బాగున్నాయన్నాను. తర్వాత, పొయ్యి కట్టేసి పడుకుంటున్నారా అంది. నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అన్నాను. పెట్టేసింది.

పొయ్యి చూసి వచ్చాను. కట్టే ఉంది.

మార్చి 16, ఆదివారం

ఎరువుకి చెట్టు తేరుకుంది. లేత ఆకు నిగనిగలాడుతోంది. కొసలు పైకి లేచాయి, ఒకటి ఇటు ఒకటి అటు. మట్టం చేశాను. బుడగ మధ్యలో.

టీచరమ్మ చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఏదో ఒకటి అనే టీచరు కంటే ఏమీ అనని టీచరు చెడ్డది.

నెల దాటిపోయింది. పువ్వు లేదు. మొక్కలోనే ఏదో లోపముంది.

మార్చి 22, శనివారం

బావమరిది వచ్చాడు. వీడు ఒకప్పుడు నా దగ్గర మాలు కలిపినవాడే. గోడ నిలువు చూసే తూకంగుండు పట్టుకోవడం నేను నేర్పాను. ఇప్పుడు కాంట్రాక్టరు, కారు దిగేటప్పుడు ముందు పొట్ట దిగుతుంది, తర్వాత వాడు. ఆవిడ కళ్ళజోడు కావాలందట. ఇచ్చాను. చలికోటు కావాలందట. ఇచ్చాను. చలికోటు అడిగిందంటే చాలా రోజులు ఉండే ఆలోచనే.

"బావా, ఇంకొకటి. అక్క చెట్ల పుస్తకం అడిగింది."

కనపడలేదన్నాను. అది బల్ల మీదే ఉంది, పెన్ను పైన పెట్టి. వాడు చూశాడు. నేను దాని మీద చెయ్యి పెట్టాను.

"కనపడలేదని చెప్పు."

"చెప్తానులే. అక్క ఏడవడం లేదు బావా, తెలుసుకో. మా ఇంటి వెనక తోట వేస్తోంది. అన్నీ పూస్తున్నాయి."

ఏడుస్తోందంటే నాకింత కష్టంగా ఉండేది కాదు.

పుస్తకం ఎందుకంత అవసరమైంది?

మార్చి 23, ఆదివారం

ముందు వైపు తెరిచాను. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి నాలుగు పేజీలు. ఇంటి వెనకాల మందారం, పక్కన గన్నేరు, ఏది ఎప్పుడు నాటిందీ ఎప్పుడు పూసిందీ ఉంది. నూరువరహాలు పొదకి చీడ పడితే ఏం చల్లిందో ఉంది.

గంధరాజం దగ్గర ఇలా ఉంది. "గేటు పక్క నాటాను. ఆయన గుంట తవ్వారు. నాలుగు వైపులా కొలిచి తవ్వారు. మొక్కకి గుంట కాదు, పునాది."

నవ్వొచ్చింది. తవ్వాను, నిజమే.

మార్చి 24

నీళ్ళు పోశాను. మళ్ళీ చదివాను. ఆవిడ రాసింది ఎలా ఉందో అలాగే ఇక్కడ రాస్తాను, మళ్ళీ మళ్ళీ ముందుకి తిప్పి చూడనక్కర్లేకుండా.

"గంధరాజానికి మొగ్గ కొసలోనే పడుతుంది. కొస తీస్తే ఆ విడత పూత పోయినట్టే. కత్తెర పెడితే పూత అయిపోయాకే, అదీ ఒక్కసారే."

దాని కింద సంవత్సరం వేసి: "నాలుగు మొగ్గలు. ఆదివారం మట్టం చేశారు."

తర్వాతి సంవత్సరం: "తొమ్మిది మొగ్గలు. మట్టం చేశారు."

తర్వాతి సంవత్సరం: "మొగ్గల మీద నా పాత చీర కప్పాను. చీర తీసి మడతపెట్టి, మట్టం చేశారు."

అది గుర్తుంది. చీర ఆరేసుకుందనుకున్నాను.

అలా ఆరు సంవత్సరాలు. నాలుగో దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి. వాటికి చాలాసేపు పట్టింది. అక్షరాలు చిన్నవి.

"చెప్దామనుకున్నాను. చెప్పలేదు. గోడలు కట్టడం మానేశాక ఆయనకి మట్టం చూసుకోవడానికి ఇదొక్కటే ఉంది. బుడగ మధ్యలోకి వచ్చినప్పుడు మొహం చూడాలి. నాకు పూలు వేరే చెట్లకున్నాయి."

ఆఖరుది ఈ ఏడాదిది. "ఏడు మొగ్గలు. ఈసారి చెప్తాను. ఒక్క ఆదివారం అడుగుతాను."

మార్చి 25

చెప్పింది. విన్నాను. ఊఁ అని కూడా అన్నాను.

మర్నాడు దారం కట్టేసరికి, కట్టిన దారం ఊరికే విప్పడం ఏమిటని చేసేశాను.

మార్చి 26

నీళ్ళు పోశాను.

మార్చి 30, ఆదివారం

మట్టం ఆదివారం. తెల్లారక ముందే మెలకువ వచ్చింది. చేతులు దురద. కత్తెర, దారం, రసమట్టం, మేకులు, దాంతోపాటు సుత్తీ ఉలీ కూడా, అన్నీ సంచిలో వేసుకుని టీచరమ్మ తలుపు తట్టాను.

ఇవి మీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, నేను అడిగినా ఇవ్వకండి అన్నాను.

ఆవిడ సంచి వైపు చూసి, నా వైపు చూసి, ఎప్పటిదాకా అంది. ఒక పువ్వు పూసేదాకా అన్నాను. పాఠం ఆలస్యంగా వచ్చిన పిల్లాడి వైపు చూసినట్టు చూసింది. చూడనీ, నాకేం.

ఇంటికొచ్చి గుమ్మం ముందు చెప్పులు వరసలో పెట్టాను. కంచాలు పెద్దది నుంచి చిన్నదాకా పేర్చాను. గోడ మీద బొమ్మలు సరిచేశాను. పదకొండు గంటలైంది. ఇంకా రోజంతా ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

సుత్తి అడగడానికి టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. సుత్తి మాత్రమే అన్నాను. బల్ల కాలు ఊగుతోంది, సుత్తి చాలు. సుత్తి వెంట కత్తెర వస్తుందండీ అంది. తలుపు వేసేసింది.

బల్ల కాలు ఊగడం లేదు.

ఏప్రిల్ 20

చెట్టు వైపు చూడలేకుండా ఉంది. తల దువ్వకుండా బడికి పంపిన పిల్లలా ఉంది. ఒక రెమ్మ గేటు మీదికే వాలింది. వీధిలో పోయేవాళ్ళు ఇప్పుడు ఆగడం లేదు. పాలతను, ఒంట్లో బాగోలేదా మేస్త్రిగారూ అని అడిగాడు. నా చెట్టుని చూసి నా ఒంటి సంగతి అడిగాడు. అంతా అర్థమైంది.

మే 3, శనివారం

మొగ్గలు.

మూడు. బియ్యపుగింజంత. కొసల్లోనే, ఆవిడ రాసినట్టే. పైన రెండు, గేటు మీదికి వాలిన వంకర రెమ్మకి ఒకటి. నేను ఆరేళ్ళు తీసి పారేసినవి ఇవేనన్నమాట.

చుట్టూ చూశాను. టీచరమ్మ గోడ అవతలే ఉంది. మూడు వేళ్ళు చూపించాను. ఆవిడ తల ఊపింది. బాగా చదివాడని కాదు, కనీసం బడికి వచ్చాడని.

మే 6

పైన ఉన్న రెమ్మ ఒకటి గాలికి ఊగుతోంది. పరంజా కర్రకి ముడి వేసినట్టు కర్ర పాతి కట్టాను. సాయంత్రానికి మొగ్గ రాలిపోయింది. ముడి మాత్రం గట్టిగా ఉంది.

రెండు.

మే 9, శుక్రవారం

ఎంత పెరిగిందో తెలుసుకోవాలిగా. టేపు పెట్టి కొలిచాను. నిన్నటి కంటే నూలు పోగంత పెరిగింది. మధ్యాహ్నం ఇంకోసారి కొలిచాను. టేపుకే అంటుకుని వచ్చేసింది.

ఒకటి.

నర్సరీ అతని దగ్గరికి నడిచి వెళ్ళాను. ఈసారి నేనే వెళ్ళాను, అతను ఇటు రాలేదు. కట్టకండి, కొలవకండి, కదపకండి, తాకకండి, నీళ్ళు ఒక్కపూటే పోసి దూరంగా కూర్చోండి అన్నాడు. ఇన్ని చెయ్యకూడని పనులుంటే ఇది పని ఎలా అవుతుందన్నాను.

"చెయ్యకపోవడమేనండీ దీని పని" అన్నాడు.

కుర్చీ పన్నెండడుగుల దూరంలో వేసుకున్నాను. అడుగులతో కొలిచాను, టేపుతో కాదు.

మే 11, ఆదివారం

మిగిలిన మొగ్గ ఏదయ్యా అంటే వంకర రెమ్మది. అది ఎక్కడుందయ్యా అంటే గేటు లోపలి వైపు, గొళ్ళేనికి బెత్తెడు దూరంలో. గేటు లోపలికి తెరుచుకుంటుంది. తెరిస్తే దాని మొహానికే తగులుతుంది.

గేటు ఎత్తి పక్కన పెడదామని చూశాను. కదల్లేదు. ఎత్తుకుపోవడానికి ఏ దొంగకీ వీలు లేకుండా దాని సీలలు సిమెంటులోకి దింపింది నేనే. మంచి పని చేసేవాడికి ఇదే శిక్ష.

మే 12

పాల కోసం గోడ ఎక్కి దూకాను. అయిదడుగుల గోడ. ఎవరూ ఎక్కకూడదని నున్నగా పూత వేసిన గోడ. ఎక్కడా కాలు పెట్టడానికి సందు లేదు, అంత బాగా చేశాను. మోకాలు గీసుకుంది. పాలతను నన్ను గోడ మీద చూసి ఇది మీ ఇల్లే కదండీ అన్నాడు.

రేపటి నుంచి టీచరమ్మ ఇంట్లోంచి, వెనక వైపు చిన్న గుమ్మం గుండా వస్తాను. ఆవిడ ఒప్పుకుంది. వచ్చిన ప్రతిసారీ నమస్కారం చెప్పించుకుంటుంది.

మే 15

గోరంత. నీళ్ళు ఒక పూట. తాకలేదు.

మే 16

తాకలేదు.

మే 17

దగ్గరికి వెళ్ళాను. చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళాను. ఆకుపచ్చ తొడుగు చీలి లోపల తెలుపు కనపడుతోంది, తడిబట్ట పిండి మెలిపెట్టినట్టు.

మే 20, మంగళవారం

పొద్దున తలుపు తీయగానే వాసన వచ్చింది. ముందు వాసనే వచ్చింది, తర్వాత చూశాను. మెలి విప్పుకుంటోంది.

ఫోన్ చేశాను. బావమరిది ఎత్తాడు. పూసింది అని చెప్పు అన్నాను. ఏంటి బావా అన్నాడు. ఆవిడకి తెలుసు, పూసింది అను చాలు అన్నాను. వాడు అటు తిరిగి అరిచాడు. ఏదో గిన్నె పడిన చప్పుడు వినపడింది. తర్వాత వాడు వచ్చి, ఈ రోజు పనులున్నాయట, రేపు మధ్యాహ్నం వస్తుందట అన్నాడు. ఆవిడకేం పనులు? పోనీ. నర్సరీ అతన్ని అడిగాను. తెలుపు రెండు రోజులుంటుంది, మూడో రోజుకి రంగు దిగుతుంది అన్నాడు. సరిపోతుంది.

సాయంత్రం గుర్తొచ్చింది. గేటు.

ఆవిడ వచ్చి గేటు తోస్తుంది. అది తనకి ఏళ్ళ తరబడి అలవాటు. పక్కింట్లోంచి వెనక గుమ్మం గుండా రమ్మంటే? మూడున్నర నెలల తర్వాత తన ఇంటికి తను దొడ్డిదారిన రావాలా? రాదు. వస్తానన్నా నేను రానివ్వను.

మే 21, బుధవారం

తెల్లారగానే టీచరమ్మ తలుపు తట్టాను. సుత్తీ ఉలీ ఇవ్వండి, కత్తెర వద్దు అన్నాను. నా మొహం చూసి అడక్కుండా ఇచ్చింది.

గేటుకి చెట్టు లేని వైపు గోడ ఉంది. ఈ ఇంట్లో నేను కట్టిన మొట్టమొదటిది. అప్పటికి ఇల్లు ఒక్క గదే. పైకప్పు కంటే ముందు గోడ కట్టావేమయ్యా అని అందరూ నవ్వారు. తూకంగుండు వేస్తే ఇప్పటికీ దారం గోడని ఒరుసుకుంటూ దిగుతుంది, వెంట్రుక దూరదు. పని నేర్చుకునేవాళ్ళని తీసుకొచ్చి చూపించేవాణ్ణి. బావమరిదికీ దీని ముందే నేర్పాను.

పై వరస నుంచి మొదలుపెట్టాను. సమ్మెట వాడలేదు, అదిరితే పువ్వు రాలుతుంది. ఒక్కో ఇటుక చుట్టూ ఉలితో సున్నితంగా కొట్టి, కదిలించి, చేత్తో తీశాను. అది నాకు లొంగలేదు. ఒక్కో ఇటుకకి తిట్టుకున్నాను, ఎవడు కట్టాడురా దీన్ని అని. కట్టినవాడి మీద కోపమూ వచ్చింది, మర్యాదా పెరిగింది. పన్నెండు గంటలకి మూడడుగుల సందు అయింది. ఇటుకలు పక్కన పేర్చాను. వరసగానే పేర్చాను, అది వదలదు.

పువ్వు ఉంది.

కారు వచ్చింది. ముందు బావమరిది పొట్ట దిగింది. సందు చూసి, బావా, ఎవడు గుద్దాడు, లారీనా అన్నాడు. ఆవిడ ఇటు దిగి అలవాటు చొప్పున గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

"ముట్టకు" అన్నాను.

ఆగింది. గొళ్ళేనికి బెత్తెడు దూరంలో, గేటు కమ్మీల మధ్యనుంచి తెల్లగా కనపడింది. చెయ్యి తీసింది. అలా నిలబడే ఉంది. తర్వాత గోడ వెంట నడుచుకుంటూ వచ్చి, సందు దగ్గర చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, కిందున్న వరస దాటి లోపలికి వచ్చింది. విరిగిన అంచు మీద వేలు రాసి చూసింది.

"మంచి గోడ" అంది.

"మంచిదే" అన్నాను.

"ఎవరు కొట్టారు?"

"కట్టినవాడే."

చెట్టు దగ్గరికి వెళ్ళింది. ఎక్కడి రెమ్మలు అక్కడే, మట్టం లేదు మర్యాద లేదు. చుట్టూ తిరిగింది. వెతికింది.

"ఒక్కటేనా?"

"ఒక్కటే అన్నావుగా."

అప్పుడు నవ్వింది. బావమరిది కారులోంచి కుండీలు దింపుతున్నాడు, ఒకటి, రెండు, ఆరు. వాడి తోటలో పూసినవన్నీ తవ్వి తెచ్చేసింది. నిన్నటి పనులు అవే.

మే 26, సోమవారం

పువ్వు పసుపు రంగుకి దిగి రాలింది. ఆవిడే ఏరింది. గిన్నెలో నీళ్ళు పోసి వేసింది. ఈసారి మొహం వేరేగా ఉంది.

బావమరిది మనుషుల్ని పంపిస్తానన్నాడు, ఒక్క పూటలో గోడ కట్టేస్తారట. వద్దన్నాను. గేటే ఆ సందులోకి మారుస్తాను. పాత గేటు దగ్గర చెట్టుకి కావలసినంత చోటు. సీలలు సిమెంటులోంచి తియ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందో. అంత బాగా దింపాను.

జూన్ 1, ఆదివారం

పొద్దున ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఈ పుస్తకం తెరిచింది. గంధరాజం సంగతి రాసుకోవడానికి పెన్ను తీసుకుని పేజీలు తిప్పుతూ, వెనక వైపుకి వచ్చేసింది. దాచేద్దామని లేచాను. మోకాలు పట్టేసింది. కూర్చున్నాను.

మొదటి నుంచి చివరిదాకా చదివింది. సున్నం దగ్గర నా వైపు చూసింది. టేపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మార్చి దగ్గర చాలాసేపు ఉండిపోయింది, పేజీ తిప్పలేదు. నేను కిటికీలోంచి చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. కొసలకి కొత్త ఆకు వేస్తోంది, ఒకటి ఇటు, ఒకటి అటు.

"ఏమండీ" అంది చివరికి. "రాసిన వరసలన్నీ కుడివైపుకి కిందికి దిగిపోయాయి. ఇంత పుస్తకంలో ఒక్కటీ మట్టంగా లేదు."

ఉండనీ అన్నాను.